గని గేటు నుంచి సెల్‌ఫోను దాకా: సింగరేణిలో యూనియన్ బ్రాంచి మాట కార్మికునికి చేరుతున్న తీరు

గోదావరిఖని: ఉదయం 7 గంటల మొదటి షిఫ్టుకు అరగంట ముందు ఏ భూగర్భ గని దగ్గరకు వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. వాహనాల స్టాండు పక్కన ఒక మైకు, వెనుక యూనియన్ జెండా, టిఫిన్ డబ్బాలు చేత పట్టుకుని నిలబడ్డ కార్మికులు. పావుగంటలో చెప్పవలసినదంతా చెప్పాలి. ఆ తరువాత మస్టరు పడుతుంది. ల్యాంప్ రూంలో దీపం తీసుకుని కార్మికుడు గనిలోకి దిగిపోతాడు. నిప్పురవ్వకు అవకాశమిచ్చే వస్తువేదీ బొగ్గు గనిలోకి తీసుకుపోరాదు గనుక సెల్‌ఫోను పైనే ఉండిపోతుంది. తిరిగి పైకి వచ్చేదాకా బయట ఏం జరిగినా అతనికి తెలియదు.

ప్రతి చేతికీ ఫోను వచ్చి ఇన్నేళ్లయినా గేట్ మీటింగు బతికి ఉండడానికి ఇదే కారణం. కోల్‌బెల్టులో యూనియన్ల బలాబలాలను ఇప్పటికీ గేటు దగ్గర నిలబడ్డ మనుషులను బట్టే అంచనా వేస్తారు. అయితే గేటు ఒక్కటే మార్గంగా ఉన్న రోజులు పోయాయి. కరపత్రం, నోటీసు బోర్డు, పత్రికా ప్రకటన, విలేకరుల సమావేశం, వాట్సాప్ గ్రూపు ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. చెప్పడానికి మార్గాలు పెరిగినంతగా, కార్మికుడు తిరిగి అడగడానికి మార్గాలు పెరిగాయా అంటే లేదనే చెప్పవలసి ఉంది. లాభాల వాటా, వేతన బకాయిలు, కారుణ్య నియామకం వంటి విషయాల్లో ఒక్క మాట తప్పుగా చేరితే నష్టపోయేది కార్మిక కుటుంబమే.

మూడు అంచెలు

సింగరేణిలో ఏ యూనియన్ తీసుకున్నా నిర్మాణం దాదాపు ఒకటే. గని స్థాయిలో ఫిట్ కార్యదర్శి, అతనికి సహాయంగా షిఫ్టుకు ఒకరిద్దరు కమిటీ సభ్యులు ఉంటారు. ఏరియా స్థాయిలో బ్రాంచి ఉంటుంది. బ్రాంచికి నాయకత్వం వహించే వారిని ఒక సంఘంలో బ్రాంచి కార్యదర్శి అంటే మరో సంఘంలో ఉపాధ్యక్షుడు అంటారు. ఆపైన కేంద్ర కమిటీ. యాజమాన్యంతో జరిగే స్ట్రక్చర్డ్ సమావేశాలూ ఇదే వరుసలో గని మేనేజర్ దగ్గర, ఏరియా జనరల్ మేనేజర్ దగ్గర, చివరకు కార్పొరేట్ స్థాయిలో జరుగుతాయి.

1998లో సింగరేణిలో తొలిసారి రహస్య బ్యాలెట్ పద్ధతిన గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. అంతకుముందు, 1990ల ఆరంభంలో, ఏటా వందల సంఖ్యలో చిన్నా పెద్దా సమ్మెలు జరిగేవి. ఒక గనిలో టబ్బులు సరిగా రాలేదని, మరో గనిలో ఒకరిని సస్పెండ్ చేశారని పని ఆగిపోయేది. ఆ సమ్మెలకు ముందు నోటీసు గానీ పత్రికా ప్రకటన గానీ ఉండేది కాదు. గేటు దగ్గర ఒకరు లేచి మాట్లాడితే షిఫ్టు మొత్తం ఇంటిదారి పట్టేది. ఎన్నికలు వచ్చాక మాట్లాడే హక్కు ఎవరిదన్న దానికి ఒక లెక్క ఏర్పడింది.

ఆ లెక్కలోనే ఒక చిక్కు కూడా ఉంది. కంపెనీ మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘానికి గుర్తింపు హోదా, ఏరియాలో గెలిచిన సంఘానికి ఆ ఏరియా వరకు ప్రాతినిధ్య హోదా లభిస్తాయి. 2023 డిసెంబరు 27న ఏడోసారి జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ దాదాపు 2 వేల ఓట్ల ఆధిక్యంతో గుర్తింపు సంఘంగా గెలుపొందగా, 11 ఏరియాల్లో 6 ఐఎన్‌టీయూసీకి, 5 ఏఐటీయూసీకి దక్కాయి. ఫలితంగా కేంద్ర స్థాయిలో చర్చలకు కూర్చునే సంఘం ఒకటి, కొన్ని ఏరియాల్లో జనరల్ మేనేజర్‌తో కూర్చునే సంఘం మరొకటి. ఒకే ఒప్పందం గురించి ఒకే గేటు దగ్గర సోమవారం ఒక మైకు ఒక విధంగా, బుధవారం మరో మైకు మరో విధంగా చెప్పడం కార్మికులకు అలవాటైపోయిన విషయం. రెండూ విని మధ్యలో ఉన్న నిజాన్ని తేల్చుకోవడం వారి వంతు.

గేటు దగ్గర జరిగేది

పత్రికల్లో దీనిని ‘గని ద్వార సమావేశం’ అని రాస్తారు. గని దగ్గర ఆ మాట ఎవరి నోటా వినిపించదు. అక్కడ అది గేట్ మీటింగే.

సమావేశం ఉందని ముందురోజు రెండో షిఫ్టులోనే నోటీసు బోర్డు మీద రాస్తారు. ఒకప్పుడు అది నల్లబల్ల మీద సుద్దముక్క రాత, తరువాత కాలంలో తెల్లకాగితం మీద కంప్యూటర్ అక్షరాలు. సమావేశం రోజున ముందుగా ఫిట్ కార్యదర్శి రెండు నిమిషాలు స్థానిక సమస్యలు చెబుతాడు. తాగునీరు, క్యాంటీన్, బూట్ల సరఫరా, ఎవరికో ఆగిపోయిన ప్రమోషన్, ప్లేడే డ్యూటీల కేటాయింపులో పక్షపాతం వంటివి అందులో ఉంటాయి. తరువాత బ్రాంచి నాయకుడు మాట్లాడతాడు. పై నుంచి పెద్ద నాయకులు వచ్చినప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది. దేశ రాజకీయాలు, ప్రైవేటీకరణ ముందుకు వస్తాయి, బూట్ల సంగతి వెనక్కి పోతుంది. మస్టరు సమయం దగ్గర పడుతున్నకొద్దీ వెనుక వరుస పలచబడుతుంది.

అనుభవం ఉన్న ఫిట్ కార్యదర్శులు మైకు కట్టేశాక కూడా అక్కడి నుంచి కదలరు. ల్యాంప్ రూం దగ్గర, మ్యాన్‌వే మెట్ల దగ్గర నిలబడతారు. పదిమందిలో అడగడానికి సంకోచించినవారు అక్కడ అడుగుతారు. ఫలానా సర్క్యులర్ తనకు వర్తిస్తుందా, తండ్రి పేరులో తప్పుంటే ఏం చేయాలి, మెడికల్ బోర్డుకు ఎప్పుడు పిలుస్తారు వంటి ప్రశ్నలవి. ఒక బ్రాంచికి తన సభ్యుల మనసులో ఏముందో తెలిసేది ఉపన్యాసంలో కాదు, ఈ ఐదు నిమిషాల్లోనే. షిఫ్టు దిగే సమయంలో కూడా ఇలా నిలబడేవారు ఉన్నారు గానీ, ఎనిమిది గంటలు పనిచేసి మసి ముఖంతో పైకి వచ్చినవారికి స్నానం, ఇల్లు తప్ప మరొకటి పట్టదు.

ఓపెన్‌కాస్టు గనుల్లో పరిస్థితి వేరు. సింగరేణి ఉత్పత్తిలో అత్యధిక భాగం ఓసీపీల నుంచే వస్తోంది. అక్కడ భూగర్భ గనిలాగా అందరూ ఒక్క ద్వారం గుండా పోరు. డంపర్ ఆపరేటర్లు ఒకచోట, షావెల్ దగ్గరివారు ఒకచోట, వర్క్‌షాపు వారు మరొకచోట, సీహెచ్‌పీ వారు ఇంకొకచోట హాజరవుతారు. మస్టరు పడగానే వాహనం ఎక్కి క్వారీలోకి వెళ్లిపోతారు. ఒక సమావేశం పెడితే నాలుగో వంతు మందికి కూడా వినిపించదు. దానితో బ్రాంచిలు ఓసీపీ సభ్యుల కోసం ఫోను మీదే ఎక్కువగా ఆధారపడుతున్నాయి. మరోవైపు, 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య 2023 ఎన్నికల నాటికి 40 వేల దరిదాపులకు పడిపోయింది. భూగర్భ గనులు మూతపడినకొద్దీ గేట్ మీటింగుల సంఖ్యా తగ్గుతూ వచ్చింది.

శాతం ఎంత, దేనిలో శాతం

బ్రాంచి కార్మికునికి చెప్పవలసిన వాటిలో అత్యంత క్లిష్టమైనది డబ్బు లెక్క. లాభాల వాటా ఇందుకు మంచి ఉదాహరణ.

2022-23 సంవత్సరానికి సంస్థ నికర లాభం రూ.2,222 కోట్లు. అందులో 32 శాతం, అంటే రూ.711 కోట్లు కార్మికులకు పంచారు. 2023-24లో నికర లాభం రూ.4,701 కోట్లకు చేరింది. 2024 సెప్టెంబరు 20న ప్రభుత్వం 33 శాతం వాటా ప్రకటించింది. శాతం పెరిగింది, లాభం రెట్టింపు దాటింది గనుక వాటా కూడా రెట్టింపు అవుతుందని సామాన్య కార్మికుడు అనుకోవడం సహజం. కానీ ఆ 33 శాతాన్ని మొత్తం లాభం మీద లెక్కించలేదు. విస్తరణ పనుల కోసం రూ.2,289 కోట్లు పక్కనపెట్టి, మిగిలిన రూ.2,412 కోట్లలో 33 శాతంగా రూ.796 కోట్లు ఇచ్చారు. మొత్తం లాభంతో పోలిస్తే అది 17 శాతం కంటే కాస్త తక్కువ. మరుసటి ఏడాది, 2025 సెప్టెంబరు 22న 34 శాతం ప్రకటించినప్పుడూ ఇదే పద్ధతి అనుసరించారు. రూ.6,394 కోట్ల లాభంలో రూ.4,034 కోట్లు పక్కనపెట్టి, మిగిలిన రూ.2,360 కోట్ల మీద వాటా లెక్కించారు. ఒప్పంద కార్మికులకు ఇచ్చినదానితో కలిపి అది రూ.819 కోట్లు అయింది.

కొత్త గనులకు, విద్యుత్ ప్రాజెక్టులకు పెట్టుబడి లేకపోతే సంస్థకు భవిష్యత్తు లేదన్నది యాజమాన్యం, ప్రభుత్వం చెప్పే మాట. మొత్తం లాభం మీద శాతం లెక్కించే ఆనవాయితీని తప్పించారన్నది విమర్శించే సంఘాల వాదన. ఏ వాదన సబబు అన్నది వేరే చర్చ. ఇక్కడ చూడవలసింది ఆ ప్రకటనల తరువాత గేట్ల దగ్గర ఏం చెప్పారన్నది. ‘33 శాతం సాధించాం’ అని ఒక కరపత్రం, ‘17 శాతమే ఇచ్చారు’ అని మరో కరపత్రం వస్తే రెండూ అబద్ధాలు కావు. రెండిట్లోనూ సగం లెక్కే ఉంది. పూర్తి లెక్క నాలుగు అంకెల్లో సరిపోతుంది: మొత్తం లాభం, పక్కనపెట్టినది, మిగిలినది, పంచినది. ఈ నాలుగూ ఒక్కచోట రాసి గేటు దగ్గర అంటించిన బ్రాంచికి ఆ తరువాత సంజాయిషీ చెప్పుకునే పని ఉండదు.

సగటు అన్న మాటతోనూ ఇదే తంటా. 2024లో ఒక్కో కార్మికునికి సగటున రూ.1.90 లక్షలు అన్నది పత్రికల్లో పతాక శీర్షిక అయింది. వాటా పంపిణీలో మస్టర్లు లెక్కలోకి వస్తాయి. జబ్బుచేసి కొన్ని నెలలు పనికి రాలేకపోయిన వ్యక్తికి సగటు కంటే చాలా తక్కువ పడుతుంది. ఇంట్లో భార్యాపిల్లలు పత్రికలో చూసిన అంకె ఒకటి, బ్యాంకు ఖాతాలో పడిన అంకె మరొకటి. ఆ తేడా గురించి కార్మికుడు ముందుగా నిలదీసేది ఫిట్ కార్యదర్శినే.

వేతన ఒప్పందాల సంగతీ ఇంతే. 2023 మే 20న సంతకాలు జరిగిన 11వ వేతన ఒప్పందం 2021 జులై 1 నుంచి వర్తించింది. 19 శాతం కనీస ప్రయోజనం అన్న అంకెను అందరూ చెప్పారు. అది దేని మీద 19 శాతం, బేసిక్‌లో ఎంత కలుస్తుంది, అలవెన్సులు ఏ తేదీ నుంచి పెరుగుతాయి, బకాయిల్లో పన్ను కోత ఎంత అన్నది విడమరచి చెప్పినవారు తక్కువ. ఈ పనికి ఉపన్యాసం పనికిరాదు. ఒక జనరల్ మజ్దూర్, ఒక కోల్‌కట్టర్, ఒక క్లర్కు పే స్లిప్పులను ఉదాహరణగా తీసుకుని పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన వేసిన కరపత్రాన్ని కార్మికులు మడతపెట్టి జేబులో దాచుకుంటారు.

ఫోనులో తిరిగే కాగితాలు

గనివారీగా, ఏరియావారీగా ప్రతి యూనియన్‌కూ వాట్సాప్ గ్రూపులు ఏర్పడ్డాయి. జనరల్ మేనేజర్ కార్యాలయంలో సర్క్యులర్ సంతకమైన గంటలోపే దాని ఫోటో కార్మికుని ఫోనులో ఉంటుంది. నోటీసు బోర్డు మీదకు వచ్చేదాకా మూడు రోజులు ఎదురుచూసిన తరానికి ఇది పెద్ద సౌకర్యమే.

కష్టం ఎక్కడ వస్తోందంటే, ఫోటోలో తేదీ కనపడదు. రెండేళ్ల నాటి సర్క్యులర్ పై భాగం కత్తిరించి ఎవరో పంపితే అది కొత్తదిగా ఊరంతా తిరుగుతుంది. ముఖ్యంగా మెడికల్ ఇన్వాలిడేషన్, కారుణ్య నియామకాల విషయంలో దీని పర్యవసానం తీవ్రంగా ఉంటుంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేయడం, ఆ డిమాండుతో అదే ఏడాది జూన్ 15 నుంచి జాతీయ సంఘాలు సమ్మెకు దిగడం విదితమే. తరువాత కారుణ్య నియామకాల పద్ధతి అమల్లోకి వచ్చింది. కొత్తగూడెం ప్రధాన ఆసుపత్రిలో మెడికల్ బోర్డు ఎప్పుడు కూర్చుంటుంది, ఏ జబ్బులకు అన్‌ఫిట్ చేస్తుంది అన్నదాని మీద ఒక కుటుంబం మొత్తం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. అటువంటి చోట స్పష్టమైన సమాచారం లేకపోతే ఆ ఖాళీలోకి దళారి ప్రవేశిస్తాడు. తనకు లోపల మనుషులున్నారని నమ్మిస్తాడు. బోర్డు తేదీ, కావలసిన కాగితాలు, అభ్యంతరం ఉంటే ఎవరికి దరఖాస్తు చేయాలి అన్న మూడు విషయాలు బ్రాంచి కార్యాలయం గోడ మీద రాసి ఉంటే దళారికి చెప్పడానికి మిగిలేది తక్కువ.

ఇక గ్రూపుల్లో ఎక్కువభాగం నిర్వాహకులు మాత్రమే పెట్టగలిగేవి. వాదోపవాదాలు, తిట్లు, రాజకీయ పోస్టులు భరించలేక అలా మార్చామని నాయకులు చెబుతారు. కారణం నిజమే కావచ్చు. కానీ దానితో గ్రూపు కాస్తా జేబులో పెట్టుకున్న నోటీసు బోర్డు అయిపోయింది. ల్యాంప్ రూం దగ్గర అడిగిన ప్రశ్నను అక్కడ అడిగే వీలు లేదు. కార్మికులు తమలో తాము వేరే గ్రూపులు పెట్టుకుని అక్కడ మాట్లాడుకుంటున్నారు. అక్కడి మాట బ్రాంచికి చేరదు.

పత్రికా ప్రకటన ప్రయాణం

1990లలో కోల్‌బెల్టు విలేకరికి యూనియన్ వార్త సైకిల్ మీదనో మోపెడ్ మీదనో వచ్చేది. లెటర్‌ప్యాడ్ మీద చేతిరాత, కింద ముద్ర, పక్కన కార్బన్ కాపీ. తరువాత ఫ్యాక్స్, ఆపైన ఈ-మెయిల్, చివరకు వాట్సాప్. మార్గం మారింది గానీ ప్రకటన రాసే పద్ధతి పెద్దగా మారలేదు.

సాధారణంగా ఒక ప్రకటన ఇలా ఉంటుంది. మొదటి పేరాలో నాయకుని పేరు, హోదా, ఆయన తీవ్రంగా ఖండించారన్న మాట. రెండో పేరాలో ప్రభుత్వ విధానాల మీద విమర్శ. మూడో పేరాలో ఎక్కడో మధ్యన అసలు సంగతి. చివరి పేరా మొత్తం పాల్గొన్నవారి పేర్లు, తరచుగా ఇరవైకి తగ్గకుండా. పత్రిక ఉపసంపాదకుని కత్తెర చివరి నుంచి మొదలవుతుంది. పేర్లు పోతాయి. మరుసటి ఉదయం పేరు రానివారు విలేకరికి ఫోను చేస్తారు. మూడో పేరాలోని సంగతి కూడా పోయిందని మాత్రం ఎవరూ ఫోను చేయరు.

దీనిని నాయకుల అహంకారంగా మాత్రమే చూడడం సరికాదు. ఫిట్ కమిటీ సభ్యునికి జీతం లేదు, పదవితో వచ్చే ప్రత్యేక లాభమూ లేదు. షిఫ్టు చేసి వచ్చి, నిద్ర మానుకుని ధర్నాలో కూర్చున్న వ్యక్తికి పత్రికలో పేరు కనిపించడం ఒక్కటే గుర్తింపు. అయినా పేర్లకు ఒక పేరా, అసలు విషయానికి ఒక వాక్యం అన్నది బేరం కుదరని లెక్క. ఏ గనిలో, ఏ తేదీన, ఎంతమందికి, ఏ ఉత్తర్వు వల్ల, ఎంత నష్టం అన్న ఐదింటికీ జవాబు ఉన్న ప్రకటనను ఏ డెస్కూ తేలికగా పక్కన పడేయదు. ఉత్తర్వు ప్రతి జతచేసి పంపితే విలేకరి జనరల్ మేనేజర్ కార్యాలయంలో వివరణ అడగగలడు. వార్తకు రెండో పక్షం వస్తుంది. వార్త నిలబడుతుంది.

సమయం మరో సమస్య. మధ్యాహ్నం మూడింటికి జరిగిన సమావేశం ఫోటోలు రాత్రి తొమ్మిదికి వస్తే ఏరియా పేజీ అప్పటికే ముగింపు దశలో ఉంటుంది. ఆదివారం విలేకరుల సమావేశం పెడితే హాజరు పలచగా ఉంటుంది గానీ సోమవారం పేజీలో చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఈ సూక్ష్మం తెలిసిన బ్రాంచి నాయకులు ప్రతి ఏరియాలో ఒకరిద్దరుంటారు.

పాఠకులకు అంతగా తెలియని మరో విషయం ఉంది. జిల్లా పేజీలు ప్రాంతాలవారీగా వేరువేరుగా అచ్చవుతాయి. గోదావరిఖని బ్రాంచి ప్రకటన పెద్దపల్లి జిల్లా పేజీలో వస్తుంది. అదే రోజు మందమర్రి కార్మికుడు చదివేది మంచిర్యాల జిల్లా పేజీ, కొత్తగూడెం కార్మికుడు చదివేది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పేజీ. సింగరేణి ఆరు జిల్లాల్లో విస్తరించి ఉంది. ఒక గనిలో అమలైన మంచి పద్ధతి గురించి నది అవతలి గనిలో తెలియదు. కార్మికుల సమస్య ఒకటే అయినా వార్త ముక్కలుగా చేరుతుంది. ఈ లోటును పూడ్చవలసింది కేంద్ర కమిటీలే గానీ, అవి రాష్ట్ర పేజీలో చోటు కోసం రాజకీయ ప్రకటనల మీదే ఎక్కువగా దృష్టి పెడుతున్నాయి.

సమ్మె రోజు రెండు లెక్కలు

సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వడం బొగ్గు పరిశ్రమలో పాత నిబంధనే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ 14 రోజుల గడువు ఉంది. ఆ రెండు వారాలూ బ్రాంచికి అసలైన పరీక్ష. నోటీసు ప్రతి ప్రతి గేటు దగ్గరా అంటించాలి, డిమాండ్లు వివరించాలి, కార్మిక శాఖ అధికారుల దగ్గర చర్చల్లో ఏం జరిగిందో ఎప్పటికప్పుడు చెప్పాలి. నాలుగు బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా 2021 డిసెంబరు 9 నుంచి 11 వరకు జరిగిన మూడు రోజుల సమ్మెలో సంఘాలన్నీ ఒక్కటిగా నిలిచాయి. అప్పుడు గేటు దగ్గర పోటీ మైకులు లేవు, డిమాండు ఒక్క వాక్యంలో చెప్పగలిగినది.

అందరూ కలవని సమ్మెల్లో మాత్రం సాయంత్రానికి రెండు లెక్కలు వస్తాయి. యాజమాన్యం షిఫ్టులవారీగా హాజరు శాతం విడుదల చేస్తుంది. యూనియన్లు సమ్మె విజయవంతం అంటాయి. తేడా ఎక్కడ వస్తుందంటే, పంపులు, వెంటిలేషన్ ఫ్యాన్లు, ఆసుపత్రులు, విద్యుత్తు వంటి అత్యవసర విభాగాలవారు సమ్మెలోనూ పనిచేస్తారు. వారిని హాజరులో కలిపితే ఒక శాతం, తీసేస్తే మరో శాతం. సెలవులో ఉన్నవారిని ఏ ఖాతాలో వేశారన్నది ఇంకో ప్రశ్న. హాజరు కంటే ఆ రోజు వెలికితీసిన బొగ్గు టన్నులను మామూలు రోజు ఉత్పత్తితో పోల్చి చూసే విలేకరి నిజానికి కాస్త దగ్గరగా ఉంటాడు. ఆ అంకె కూడా యాజమాన్యం చేతిలోదే కావడం వేరే సంగతి.

ప్రమాదం జరిగినప్పుడు

2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. అప్పటికి ఫోన్లు కొద్దిమంది దగ్గరే ఉండేవి. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి పలువురు చిక్కుకోగా కొందరు బయటపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఈ రెండు ప్రమాదాల మధ్య పందొమ్మిదేళ్లలో సమాచారం తిరిగే వేగం పూర్తిగా మారిపోయింది. గని మీద గుమిగూడిన కుటుంబాల వేదన మాత్రం ఒక్కటే.

ఇటువంటి సమయంలో ఫిట్ కార్యదర్శి దగ్గర ఒక సమాచారం ఉంటుంది. ఆ షిఫ్టులో ఎవరెవరు ల్యాంపులు తీసుకున్నారు, ఎవరెవరు తిరిగి ఇచ్చారు అన్నది లెక్క చూస్తే తెలుస్తుంది. లోపల ఉన్నవారి పేర్లు ఆయనకు ముందుగా తెలిసే అవకాశం ఎక్కువ. ఆ పేర్లు గ్రూపులో పెట్టడానికి ఒక్క క్షణం చాలు. కుటుంబానికి మనిషిని పంపి చెప్పడానికి గంట పడుతుంది. ఆ గంట ఆగడమే కోల్‌బెల్టులో పెద్దలు పాటించిన పద్ధతి. ధ్రువీకరణ కానిదే పేర్లు రాయరాదన్నది విలేకరులకూ వర్తించే నియమమే. పోటీలో పడి దానిని పక్కనపెట్టిన సందర్భాలు లేకపోలేదు.

ప్రమాదం తరువాత భద్రతా లోపాల మీద ప్రకటనలు వెల్లువెత్తుతాయి. ప్రమాదానికి ముందు రాసి ఉంచిన మాటల గురించి అడిగేవారు తక్కువ. గనుల నిబంధనలు 1955 కింద ప్రతి పెద్ద గనిలోనూ కార్మికుల పక్షాన వర్క్‌మన్ ఇన్‌స్పెక్టర్లు ఉండే ఏర్పాటు ఉంది. వారు గనిలో తిరిగి చూసిన లోపాలను గని దగ్గరే ఉంచే ప్రత్యేక పుస్తకంలో నమోదు చేయాలి. దాని మీద తీసుకున్న చర్యను మేనేజర్ అదే పుస్తకంలో రాయాలి. మైకులో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. ఈ పుస్తకంలోని మాటకు తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది, విచారణలో పనికి వస్తుంది. ఫలానా చోట పైకప్పు బలహీనంగా ఉందని ఎప్పుడు రాశారు, ఏం జవాబు వచ్చింది అన్నది గేట్ మీటింగులో నెలకొకసారి చదివి వినిపిస్తే చాలు. అలా చేస్తున్న బ్రాంచిలు అరుదు.

ఓటు లేనివారు

ఇంతవరకు చెప్పినదంతా పర్మినెంటు కార్మికుల సంగతి. వీరితో పాటు సింగరేణిలో వేలాది మంది ఒప్పంద కార్మికులు పనిచేస్తున్నారు. గుర్తింపు ఎన్నికల్లో వారికి ఓటు లేదు. గేట్ మీటింగులో వారి సమస్య చివరి వాక్యంగా వస్తుంది. పారిశుద్ధ్యం, సివిల్ పనులు, ఓబీ తొలగింపు, రవాణా, తోటల పెంపకం ఇలా చెల్లాచెదురుగా పనిచేసేవారు. మహిళలు ఎక్కువగా ఉన్న విభాగాల్లో చాలామందికి గ్రూపులో వచ్చిన కాగితం చదువుకునే వీలు ఉండదు. కాంట్రాక్టరు మారితే హాజరు పట్టికలో పేరు ఉంటుందో ఊడుతుందో తెలియదు.

అయినా 2022 సెప్టెంబరు 9 నుంచి 18 రోజులపాటు వారు సమ్మె చేశారు. వేతనాల పెంపు డిమాండుతో జరిగిన ఆ సమ్మె సెప్టెంబరు 26న చర్చలతో ముగిసింది. ఇందులో సమాచారం చేరవేసింది ప్రధానంగా మనుషులే. ఉదయం పనికి వెళ్లే కూడళ్ల దగ్గర నిలబడి చెప్పడం, సాయంత్రం బస్తీల్లో ఇంటింటికీ తిరిగి చెప్పడం, చదువు వచ్చినవారు రానివారికి కరపత్రం చదివి వినిపించడం జరిగింది. 2024లో లాభాల వాటా కింద ఒప్పంద కార్మికులకు తొలిసారిగా ఒక్కొక్కరికి రూ.5 వేలు ప్రకటించినప్పుడు కూడా, ఆ డబ్బు ఎవరి ఖాతాలో ఎప్పుడు పడుతుందో అడగడానికి వారు వెళ్లింది కాంట్రాక్టరు దగ్గరకు కాదు, సమ్మెకాలంలో తమ బస్తీకి వచ్చిన కార్యకర్తల ఇళ్లకే.